హెడ్మాస్టరు ఎవర్ని అడగాలి?

పిల్లాడికి లెక్క రాకపోతే టీచర్ని అడుగుతాడు. టీచరుకు చిక్కొస్తే హెడ్మాస్టరు గదికి వెళ్తారు. మరి హెడ్మాస్టరుకే పాలుపోకపోతే? పైఅధికారికి చెబితే చేతకానివాడు అనుకుంటారేమోనని భయం. తోటి టీచర్లకు చెబితే లోకువైపోతానేమోనని బిడియం. దాంతో చిక్కంతా సొరుగులో పెట్టి తాళం వేసుకుంటాడు.

నల్లమాడ చుట్టుపక్కల ఏ పల్లెబడినైనా తీసుకోండి. 2022లో జిల్లా పేరు అనంతపురం నుంచి శ్రీసత్యసాయికి మారింది కానీ నేల మారలేదుగా! వానలుంటే శనక్కాయ, లేకపోతే బెంగళూరు బస్సు. అమ్మానాన్నల వెంట వెళ్లి నాలుగు నెలల తరవాత తిరిగొచ్చిన పిల్లను ఎక్కడ కూర్చోబెట్టాలి? ఒకే గదిలో మూడు తరగతులుంటే ముందు ఎవరికి చెప్పాలి? వంటామె రాని రోజున ఏం చేయాలి? వీటికి జవాబులు సర్క్యులర్లలో దొరకవు. పక్క ఊరి హెడ్మాస్టరు అనుభవంలో ఉంటాయి.

ఆ అనుభవాన్ని పదిమందికీ పంచాలన్న ఆలోచన పాతదే. ఒక హైస్కూలు చుట్టూ ఉన్న బడులన్నిటినీ కలిపి స్కూల్ కాంప్లెక్స్ చేయమని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. కాంప్లెక్సులు వచ్చాయి, సమావేశాలూ జరుగుతున్నాయి. కాకపోతే చాలాచోట్ల సంతకాలు, ఫార్మాట్లు, ఓ టీ అయ్యేసరికి బస్సు టైమైపోతుంది.

2008లో రాజస్థాన్‌లో మొదలైన గాంధీ ఫెలోషిప్ ఇంకో దారి పట్టింది. డిగ్రీ పూర్తిచేసిన యువతీయువకులు రెండేళ్లపాటు ప్రభుత్వ బడుల హెడ్మాస్టర్లకు చేదోడుగా ఉంటారు. పాతికేళ్లయినా నిండని కుర్రాడు యాభై ఏళ్ల మాస్టారుకు ఏం చెబుతాడూ అనిపిస్తుంది. నిజమే, చెప్పలేకపోవచ్చు. కానీ వినగలడు. ఆ కుర్చీలో కూర్చున్నాయనకు అంతకాలం కరవైంది అదే. హెడ్మాస్టర్ల శిక్షణ కోసం 2012లో ఢిల్లీలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం కూడా వచ్చింది.

పెరటిచెట్టు మందుకు రాదంటారు. నల్లమాడ నుంచి కదిరి మీదుగా మదనపల్లె దారి పడితే రిషీవ్యాలీ వస్తుంది. అక్కడి పేరున్న పెద్ద స్కూలు సంగతి కాదు, దాని చుట్టూ పల్లెల్లో నడిపిన చిన్న బడుల సంగతి. ఒకే టీచరు, అన్ని తరగతులూ. పాఠాలను బొమ్మ గుర్తులున్న కార్డులుగా విడగొట్టి, మెట్లుమెట్లుగా నిచ్చెన కట్టారు. ఎవరి మెట్టు వారిదే. పంటపనికి వెళ్లిన పిల్ల తిరిగొస్తే ఆగిన కార్డు దగ్గరే అందుకుంటుంది. 1995లో మైసూరు వైపు హెచ్.డి.కోటె టీచర్లు వచ్చి ఇదంతా చూశారు. వెనక్కి వెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే తయారుచేసుకున్నారు. కర్ణాటక బడుల్లోని 'నలి-కలి' అలా పుట్టిందే. 2003లో చెన్నై కార్పొరేషన్ టీచర్లూ అదే దారిన వచ్చారు. ఒక బడి వాళ్లు మరో బడికి వెళ్లి చూసినందుకు రెండు రాష్ట్రాల్లో తరగతి గదుల తీరే మారింది.

చిక్కల్లా ఒకటే. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు వారంపాటు ఫెలోషిప్‌కో, శిక్షణకో వెళ్తే మిగిలేది ఒక్కరు. ఏకోపాధ్యాయ బడైతే తలుపుకు తాళమే! ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే కదల్లేరు. బదులు టీచర్ని పంపకుండా హెడ్మాస్టర్లను ఎంత దూరం పిలిచినా ఆ మూల బడికి ఒరిగేదేమీ లేదు. అంతవరకూ దగ్గర్లో ఉన్నది కాంప్లెక్స్ సమావేశమే. ఫార్మాట్లు తీసేముందు ఓ అరగంట 'ఈ నెల నా బడిలో ఇది చెడింది, ఏం చేయమంటారు' అనుకోవడానికి పైసా ఖర్చు లేదు. ముందుగా ఎవరో ఒకరు నోరు విప్పాలంతే. ఆ ఒకరు రిటైర్మెంటుకు రెండేళ్లున్న మాస్టారైతే మరీ మంచిది. ఆయనకిక పోయేదేముంది!