సిరప్ సీసా దగ్గరే ఆగిపోతున్న చూపు

రక్తహీనత మాట ఎత్తితే చాలు, పాఠం తల్లికే. ఆకుకూర పెట్టు, గుడ్డు పెట్టు, సిరప్ మరిచిపోకు. ఆమె బిందెలో మోసుకొచ్చే నీళ్లలో ఏముందో ఆమెకు చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో మాత్రం ఏ పోస్టరులోనూ రాయరు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 60.7 శాతం మందికి రక్తహీనత ఉంది. 2019-21 సర్వేలో అది 70 శాతానికి చేరింది. వారానికి రెండుసార్లు మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టాలన్న కార్యక్రమం 2018లో మొదలయ్యాక కూడా! అదే సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనులే. బిడ్డకు తొలి నెలల ఇనుము కడుపులో ఉండగా తల్లి ఇచ్చేదే. తల్లికే లేనిది బిడ్డకెలా వస్తుంది?

ఉమ్మడి నల్లగొండ జిల్లాకు నీటి పోరాటం కొత్త కాదు. 1996లో లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేసి ఫ్లోరైడు గోడును దేశానికి వినిపించారు. వంగిన కాళ్లు కనిపిస్తాయి కనుక ఫొటోలకెక్కాయి. ఫ్లోరైడు పేగు లోపలి పొరను దెబ్బతీసి ఇనుమును ఒంటికి పట్టనివ్వదని డాక్టర్ ఎ.కె. సుశీల చెబుతూ వచ్చిన మాట అంతగా వినబడలేదు. పాలిపోయిన పిల్ల ఫొటోకు పనికిరాదు కదా!

ఇక నీటిలోని ఇనుము. బట్టలకు మరకలు, నల్లబడే టీ చూసి అవి చెడ్డ నీళ్లంటాం. కానీ వాయవ్య బంగ్లాదేశ్ పల్లెల్లో ఇనుమున్న బోరునీళ్లు తాగే స్త్రీలలో ఇనుము కొరత చాలా అరుదని పరిశోధకులు 2011లో చూపారు. తుప్పునీళ్లు తాగమని నేననడం లేదు. ఫ్లోరైడు పోవలసిందే. అయితే ఆర్వో యంత్రం ఫ్లోరైడుతోపాటు ఇనుమునూ తీసేస్తుంది. ఆ లోటు కంచంలో పూడాలి.

కంచం సంగతి చూద్దాం. సాగర్ ఎడమ కాలువ పారే మిర్యాలగూడ, కోదాడలలో తిండికేం తక్కువ అంటారు. అక్కడి మిల్లుల్లో బియ్యం తెల్లబడే కొద్దీ ఇనుము తవుడుతో వెళ్లిపోతుంది. తరవాత 2021లో ప్రకటించిన పథకం కింద నూటికి ఒకటి చొప్పున ఇనుము చేర్చిన గింజ కలిపి రేషన్‌లో ఇచ్చారు. తీసిందీ మిల్లే, కలిపిందీ మిల్లే. నాట్లు వేసిన స్త్రీకి పప్పు, గుడ్డు కొనేంత కూలి వస్తున్నదా అన్నది ఎవరూ అడగరు.

2019 నాటి జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పాలి. ఆ కిట్టులో ఫ్లోరైడు, ఇనుము రెండూ తెలుస్తాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులను నేను కోరేది ఒకటే. అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు సిరప్ రిజిస్టరుతోపాటు అక్కడి నీటి పరీక్ష కాగితం కూడా అడగండి. లేదంటే, ‘లేదు’ అన్న ఆ మాటే రాసిమ్మనండి.