బిళ్ళగన్నేరు ఎవరిది? మందు ఎవరిది?

"లోకంలో ఉన్న మందులన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయి, తెల్లోళ్లు ఎత్తుకపోయిన్రు" అని టీవీలో కూర్చుని చెప్పేవాళ్లు ఒకదిక్కు. "ఆకుపసర్లు వట్టి మూఢనమ్మకం" అని మన ముసలవ్వలను ఎగతాళి చేసే చదువుకున్నోళ్లు ఇంకోదిక్కు. ఈ ఇద్దరి నడుమ కేన్సరొచ్చిన కూలిమనిషి నలిగి చస్తున్నాడు. అందుకే ఈ ముచ్చట మనమే సాఫ్‌గా మాట్లాడుకోవాలె.

గోరీల కాడ, గోడల పొంటి ఎవరూ నీళ్లు పోయకున్నా పూసే బిళ్ళగన్నేరు మనందరికీ తెలుసు. దాని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. జమైకా పేదజనం షుగరు బీమారికి దాని ఆకు కాచుకుని తాగేవాళ్లు. 1952లో ఆ ఆకులు కెనడా చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఆ రసాన్ని ఎలుకలకిచ్చి చూశారు. షుగరు దిగలేదు గానీ నెత్తుట్లో తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాలు హద్దుమీరి పెరిగే జబ్బే బ్లడ్ కేన్సర్ గదా! అక్కడ దారి దొరికింది. 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ అదే చెట్టు నుంచి విన్‌క్రిస్టిన్ తీసింది. 1963లో దానికి అనుమతి వచ్చింది.

కణం రెండుగా చీలేటప్పుడు లోపల దారాలు పేనుకుంటుంది. ఈ మందు ఆ దారాలను పేననియ్యదు. గంతే దాని కథ. ఒకప్పుడు బ్లడ్ కేన్సరొచ్చిన పసిపిల్లలు దాదాపు అందరూ చచ్చిపోయేవాళ్లు. ఇప్పుడు దీన్ని వేరే మందులతో కలిపి ఇస్తే ధనిక దేశాల్లో పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది బతుకుతున్నారు. పేటెంటు పైసలు మాత్రం కంపెనీకే. ఆకు కాచుకున్న జమైకాకు, చెట్టు పుట్టిన మడగాస్కర్‌కు వాటా లేదు.

అట్లని ఆకు నూరి తాగుడు కాదు అన్నలారా! ఆ చెట్టులో వందకు పైగా రసాయనాలున్నాయి, అందులో విషం కూడా ఉంది. క్వింటాళ్లకొద్దీ ఎండుటాకు వడబోస్తే గ్రాముల్లో మందు వస్తుంది. విన్‌క్రిస్టిన్‌ను నరంలోకే ఎక్కిస్తారు, ఒక్కసారికి మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనియ్యరు. గిన్నెలో కాచే కషాయానికి ఆ కొలత ఎవడు చూస్తాడు? లక్ష్మీతరు ఆకు, లక్ష్మణఫలం పేరు చెప్పి వేలు గుంజేటోడు మన ఆకుజ్ఞానానికి వారసుడు కాడు, దొంగ. కేన్సర్ నయం చేస్తానని ప్రకటన ఇచ్చుడే 1954 చట్టం కింద నేరం. వాడు తినేది పైసలే కాదు, గడ్డ చిన్నగున్నప్పటి దినాలను తింటున్నాడు.

ఇంక జ్ఞానం సంగతి. పసుపు గాయం మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ సంస్థ సంస్కృత గ్రంథాలు, పాత వ్యాసాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. మంచిదే. కానీ పుస్తకంలో ఉన్నది గాబట్టి గెలిచారు. మాదిగ మంత్రసాని, గుట్టమీది గోండు ముసలాయన నోట్లో ఉన్నదానికి సాక్ష్యం ఎవరు? అక్షరం ముట్టనియ్యనిది వాళ్లే, అక్షరంలో లేదు గాబట్టి లెక్కలేదనేది వాళ్లే!

2002 జీవవైవిధ్య చట్టం మన జ్ఞానం వాడుకునేటోడు మనకు వాటా ఇయ్యాలన్నది. 2023 సవరణ ఏం చేసింది? గ్రంథాలకెక్కిన జ్ఞానాన్ని ఆ వాటా నుంచి తప్పించింది. అంటే పుస్తకంలో లేకపోతే సాక్ష్యం లేదు, ఉంటే వాటా లేదు. ఎటు తిప్పినా మన చిప్ప ఖాళీ.

మెదక్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి వంద కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ కార్డు మందుకు పనికొస్తుంది. మరి పోను రాను కిరాయి, పోయిన కూలి, ఆసుపత్రి బయట పండుకునే జాగ ఎవరిస్తారు? అందుకే సగం మందులోనే వాపసొస్తున్నారు. మందు లేక కాదు, మందు దాకా పోలేక చస్తున్నారు. జిల్లా ఆసుపత్రులన్నిట్లో మూడేండ్లలో కేన్సర్ డేకేర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. ఆ మాటను కాయితం మీద ఉండనియ్యొద్దు.

సంఘాల కార్యకర్తలారా! ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలని చట్టంలో ఉంది. మీ ఊళ్లో అది ఉన్నదా, అందులో మన వాడ ఆడోళ్లు ఉన్నారా అడగండి. జీవవైవిధ్య రిజిస్టర్ రాయించండి. అందులో ఏది ఎక్కాలో, ఎవరికి చూపాలో చెప్పినోళ్లే తేల్చాలె, చెప్పినోళ్ల పేరుండాలె. మెదక్ ఆసుపత్రిలో కీమో ఎక్కించే మంచాలెన్నో, నర్సులెందరో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మానని పుండు, తగ్గని గడ్డ, ఆగని నెత్తురు కనిపిస్తే పసరు కాడ ఆగకుండా ఆ మనిషిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తోలుకపోండి.

చెట్టు మన వాకిట్లనే ఉన్నది. మందు కూడా మన వాకిట్లకు రావాలె. అది దయ కాదు, మన బాకీ.