తూచకుండా తిరిగిచ్చే డబ్బు

పాత నాణేలు, పాత నోట్లు ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వ్యాపారికి ఇవాళ ఎవరిని అడిగినా దొరికే సలహా ఒక్కటే. కొన్నవాడు ‘నకిలీది పంపావు, పైసలు వాపసు చెయ్యి’ అని లొల్లి పెడితే, అతను అబద్ధమాడుతున్నాడని తెలిసినా సరే, మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యి. రేటింగు నిలబడుతుంది, తలనొప్పి తప్పుతుంది, పోయిన సొమ్మును ఖర్చుల ఖాతాలో రాసుకో. యూట్యూబులో వ్యాపార పాఠాలు చెప్పేవాళ్ళూ, తోటి అమ్మకందార్లూ, చివరికి ఇంట్లోవాళ్ళూ ఇదే మాట అంటారు. వినడానికి లౌక్యంగానే ఉంటుంది. సబ్బులు, చెప్పులు, ఫోన్ కవర్లు అమ్మేవాళ్ళకు అది సరిపోతుందేమో కూడా. సేకరణ వస్తువుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తప్పుడు సలహా. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో తేల్చే దారి లేదన్న నమ్మకం మీదే ఈ సలహా మొత్తం నిలబడింది. నాణేల వ్యాపారంలో ఆ దారి ఉంది, అది మిగతా ఏ సరుకులోనూ లేనంత స్పష్టంగా ఉంది.

ఉదాహరణకు తెలంగాణలోని కోస్గిలో ఒక నాణేల వ్యాపారి ఉన్నాడనుకుని, ఆ ఊరు ఇప్పుడున్న జిల్లానే తీసుకుందాం. 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లా పేరు చెప్తే ఎవరికైనా చీరలు గుర్తొస్తాయి. నాణేలు సేకరించేవాళ్ళకు అది ఒక టంకశాల పేరు. నిజాం ఏలుబడి కింద గద్వాల, వనపర్తిలలో లాగే నారాయణపేటలోనూ వెండి రూపాయలు కొట్టారు. నాణెం మీద టంకశాల పేరు దిల్‌షాదాబాద్ అని ఉంటుంది. ఇవి సుత్తి దెబ్బతో అచ్చయినవి. అచ్చు వెండి బిళ్ళకన్నా పెద్దది కావడంతో అక్షరాల్లో కొంత భాగమే నాణెం మీద పడుతుంది. ఆ భాగమూ దెబ్బ పడిన తీరును బట్టి ఒక్కో నాణేనికి ఒక్కో పక్కకు జరుగుతుంది. ఒకదాని అంచు చీలి ఉంటుంది, ఇంకొకదాని మీద సర్రాఫులు పరీక్షించి వేసిన గుర్తులు ఉంటాయి, మరొకటి నగకు అతికించి ఊడదీసిన మచ్చతో వస్తుంది. రెండు రూపాయలు అచ్చంగా ఒకేలా ఉండటం దాదాపు అసాధ్యం. కాబట్టి కోస్గి నుంచి మంచి రూపాయి వెళ్ళి, వాపసు కవర్లో అరిగిపోయిన మరొకటో, పోతపోసిన నకిలీయో వచ్చిందనుకోండి. వెళ్ళింది వేరు, వచ్చింది వేరు అని చెప్పడానికి నిపుణుడే అక్కర్లేదు. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే చిన్న పిల్లలైనా చెప్తారు.

యంత్రం మీద అచ్చయిన చార్మినార్ రూపాయల సంగతేమిటి, అవన్నీ ఒకేలా ఉంటాయి కదా అని అడగవచ్చు. వాటికి కొలతలు సాక్ష్యం చెప్తాయి. ఆ రూపాయి ప్రామాణిక బరువు 11.178 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్ళు. బాగా చెలామణి అయినదైతే అరిగి కొంత తగ్గుతుంది తప్ప పెరగదు. దారానికి కట్టి నీళ్ళలో వేలాడదీసి తూస్తే పూర్తి బరువున్న అసలు రూపాయి సుమారు 1.1 గ్రాములు తేలికవుతుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ నకిలీ 1.3 గ్రాముల దాకా తేలికవుతుంది. గ్రాములో నూరోవంతు చూపించే త్రాసు ఉన్న నగల దుకాణంలో ఐదు నిమిషాల పని ఇది. రకాల తేడాలు కూడా అచ్చులోనే ఉన్నాయి. చార్మినార్ బొమ్మ ద్వారంలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణేలకు ‘మీమ్’ అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వాటికి ‘ఐన్’ అక్షరం ఉంటాయి. హిజ్రీ 1330లో కొన్నిటి మీద ఐన్ సగమే పడింది, ఆ తర్వాత నిండుగా పడింది. మోసగాడు ఎంచుకునేది ఇలాంటి సన్నని తేడానే. ఖరీదైన రకం తెప్పించుకుని మామూలు రకం తిప్పి పంపుతాడు, అమ్మినవాడు ద్వారం వైపు చూడడని ధీమా. చూసే అలవాటున్నవాడి దగ్గర ఆ ఎత్తు పారదు.

ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకుని కూడా నోరు మూసుకొమ్మనే సలహా ఎక్కడి నుంచి వచ్చింది? ‘కస్టమర్ ఎప్పుడూ రైటే’ అన్న నినాదం ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో షికాగోలో మార్షల్ ఫీల్డ్, లండన్‌లో హ్యారీ సెల్ఫ్రిడ్జ్ నడిపిన పెద్ద దుకాణాలతో ముడిపడినది. అక్కడ అమ్మేవి ఒకే రకం సరుకు, వేల సంఖ్యలో. ఒక చేతి తొడుగుల జత వెనక్కి వస్తే ఇంకొక జత ఇస్తారు, ఖర్చు మిగతా జతల ధరలో సర్దుకుంటుంది. ఒకే ఒక్క నారాయణపేట రూపాయి ఉన్నవాడికి సర్దుకోవడానికి రెండోది లేదు. మన బ్యాంకుల్లో, దుకాణాల్లో గాంధీ బొమ్మ కింద వేలాడే ‘వినియోగదారుడే ముఖ్య అతిథి’ తరహా పలుకుల కథ ఇంకా విడ్డూరం. అవి 1890లో దక్షిణాఫ్రికాలో ఆయన చేసిన ప్రసంగంలోవి అంటారు; గాంధీ దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టిందే 1893లో. ఇక ఆన్‌లైన్ బజారుకు వస్తే, 2008లో ఈబే సంస్థ కొన్నవాళ్ళ మీద అమ్మకందార్లు నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలునే తీసేసింది. ప్రతీకారంగా రేటింగులు ఇస్తున్నారన్నది అందుకు కారణం, అందులో నిజమూ లేకపోలేదు. కానీ ఆ దెబ్బతో ఒక పక్షం నోరు కట్టేసినట్టయింది.

ఇలా ఒక పక్షం నోరు కట్టేసే అలవాటు ఈ ప్రాంతపు పాత బజారుకు లేదు. నిజాం హాలీ సిక్కా, బ్రిటిష్ కల్దారు రెండూ నడిచిన కాలంలో ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయల లెక్క ఉండేది, దాని మీద రోజువారీ వట్టం. రూపాయి మీద అనుమానం వస్తే సర్రాఫు తూచేవాడు, రాయి మీద మోగించి వినేవాడు, అవసరమైతే గాటు పెట్టి చూసేవాడు. అనుమానం ఎవరికి వచ్చినా తీర్పు చెప్పేది త్రాసు. ఆ పరీక్షల మచ్చలే నాణేల మీద నేటికీ మిగిలి, ఒక నాణేన్ని మరో నాణెం నుంచి వేరుచేసి చూపిస్తున్నాయి.

చట్టం కొన్నవాడి పక్షమే కదా, పోట్లాడి ఏం లాభం అనేది అందరూ చెప్పే రెండో మాట. చట్టం చదవకుండా చెప్పే మాట ఇది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఆరో నిబంధన ప్రకారం, సరుకు లోపమున్నదో, నకిలీదో, ప్రకటనలో చెప్పినట్టు లేనిదో అయితే అమ్మకందారు వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనకూడదు. ఆ ‘అయితే’లోనే అంతా ఉంది. నకిలీది అని ఎవరో అన్నంత మాత్రాన నకిలీది అయిపోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అయితే ఇంకా స్పష్టం. పరీక్షిస్తే తప్ప తేలని లోపం ఉందని ఫిర్యాదు వస్తే, జిల్లా కమిషన్ ఆ వస్తువును తీసుకుని, సీలు వేసి, ప్రయోగశాలకు పంపి 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలని 38వ సెక్షన్ చెప్తుంది. ఆ పరీక్ష రుసుము ముందుగా కట్టాల్సింది ఫిర్యాదు చేసినవాడే. కొన్నవాళ్ళను కాపాడటానికే పుట్టిన చట్టం కూడా కొన్నవాడి మాటను పరీక్షకు పెడుతుంటే, అమ్మినవాడు పరీక్ష లేకుండానే ఎందుకు ఒప్పుకోవాలి? తిరిగి అమ్ముకోవడానికి కొన్న డీలరును ఈ చట్టం వినియోగదారుడిగానే లెక్కించదు. నాణేన్ని మెరిసేట్టు తోమి, ఉన్న పాత ఛాయ పోగొట్టి, ఆ తర్వాత వద్దనేవాడికి 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోని 42వ సెక్షన్ చూపించవచ్చు. తన చేతికొచ్చిన సరుకును సొంతదారులాగా వాడుకున్నవాడు దాన్ని అంగీకరించినట్టే లెక్క.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 2019 చట్టం కింద కొన్నవాడు తన ఊళ్ళోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు. కోస్గిలో కూర్చున్నవాడి మీద కోల్‌కతాలో కేసు పడితే రైలు ఖర్చులకే నాణెం ధర చాలదు. నిజమే. అయితే అదే చట్టం వీడియో ద్వారా హాజరయ్యే వీలూ ఇచ్చింది, జవాబు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, కేసు పెడతానన్న మోసగాడికి సీలు వేసిన కవరు, ప్రయోగశాల, 45 రోజుల గడువు అన్నవి ఏమాత్రం నచ్చే సంగతులు కావు. తన దగ్గరున్న అసలు నాణేన్ని ఎవరికీ చూపించకుండా ఉండటమే అతని వ్యాపారం. ‘సగం పైసలు ఇచ్చెయ్, నాణెం నా దగ్గరే ఉంచుకుంటా’ అనే బేరం కూడా అక్కడి నుంచే వస్తుంది. నకిలీదని నిజంగా నమ్మినవాడు ఆ నకిలీని అట్టిపెట్టుకోవడానికి అంత ఆరాటపడడు.

మోసం ఎక్కువగా అమ్మేవాళ్ళ వైపు నుంచే జరుగుతోంది, అందుకే కొన్నవాడినే నమ్మాలి అన్నది మరో వాదన. పాత ఐదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తామని ప్రకటనలు గుప్పించి, ముందుగా కమీషను గుంజే ముఠాలు ఉన్నాయి. తన పేరు వాడుకుని ఇలా దోచుకుంటున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది. కొనేవాడికి అనుమానం ఉండటం న్యాయమే. కానీ ఆ అనుమానానికి మందు పరీక్ష. అబద్ధమాడినవాడికి గుట్టుగా డబ్బు ఇచ్చేస్తే నిజాయితీగా కొనేవాడికి ఒరిగేదేమీ లేదు. పైగా ఆ నష్టం తర్వాతి నాణెం ధరలో అతని నెత్తినే పడుతుంది. వాపసు కవర్లో వచ్చిన నకిలీ కూడా ఊరికే ఉండదు. విసిగిపోయిన అమ్మకందారు దాన్ని మరొకరికి అంటగట్టే ప్రమాదం ఉంది. ఒక మోసం రెండు కావడానికి ఆ మౌనమే దారి ఇస్తుంది.

అమ్మినవాడు ఎదురు తిరగాలంటే తన ఇల్లు ముందు సర్దుకోవాలి, ఆ మాట దాచి లాభం లేదు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం దాటించకూడదు, వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. కాగితాలు లేనివాడు మోసగాడి బెదిరింపుకు తలొగ్గేది నాణెం గురించి కాదు, ఆ లోటు గురించి. అలాగే బరువు రాయకుండా, ఒక మసక ఫొటో పెట్టి, ‘అరుదైన నిజాం రూపాయి’ అని మాత్రమే రాసి అమ్మినవాడు అడిగిన వెంటనే డబ్బు తిరిగి ఇచ్చెయ్యడమే మంచిది. అతనికి వాదించడానికి ఏమీ లేదు, నా సానుభూతీ లేదు. రెండు వైపుల ఫొటోలు, అంచు ఫొటో, గ్రాములో నూరోవంతు దాకా బరువు, ఇంతకుముందు ఎవరైనా తోమి ఉంటే ఆ సంగతి, ఏ షరతు మీద వెనక్కి తీసుకుంటారో ఆ సంగతి ప్రకటనలోనే రాసి ఉండాలి. కవరు కట్టేటప్పుడు తీసిన వీడియోను ఫోన్లో ఉన్నదున్నట్టే భద్రపరచాలి. వాట్సాప్‌లో తిరిగి నాణ్యత తగ్గిన కాపీతో చార్మినార్ ద్వారంలోని అక్షరం కనిపించదు. కొత్త సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాల్సి వచ్చినా మూల ఫైలే అక్కరకు వస్తుంది.

అప్పుడు జవాబు కూడా సులువవుతుంది. ఇవ్వనని మొండికెయ్యనక్కర్లేదు. ‘నా నాణెం నాకు రానివ్వండి, కవరు విప్పడం వీడియో తీస్తాను, బరువూ గుర్తులూ సరిపోతే అదే రోజు పూర్తి డబ్బు పంపుతాను, నకిలీ అని మీరంటే ఇద్దరం ఒప్పుకున్న మూడో మనిషి దగ్గర పరీక్ష పెడదాం, నాది తప్పయితే ఆ ఖర్చూ నాదే’ అని రాస్తే చాలు. నిజంగా అనుమానపడ్డ కొనుగోలుదారుడికి ఇంతకన్నా మంచి మాట ఉండదు. దొంగకు మాత్రం ఇది మింగుడుపడదు. అతన్ని దొంగ అని నలుగురిలో అనకపోవడం కూడా తెలివే. పరువు నష్టం కేసు చేతికిచ్చి ఎదుటివాణ్ణి బలపరచడం ఎందుకు? వేరే నాణెం తిరిగొచ్చిందని ఆధారాలతో తేలితే, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది.

ప్లాట్‌ఫామే డబ్బు కోసేసుకుంటే ఏం చేస్తాం అంటారు. అది జరుగుతుంది, చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు కూడా ఫిర్యాదుల అధికారికి రాయడమే పని. 2020 నిబంధనలు కొనేవాళ్ళ ఫిర్యాదుకు 48 గంటల్లో అందినట్టు చెప్పాలని, నెలలో తేల్చాలని, టికెట్ నంబరు ఇవ్వాలని ప్లాట్‌ఫాములకు గడువులు పెట్టాయి. అమ్మినవాడు కూడా అదే తీరు జవాబు పట్టుబట్టి అడగవచ్చు. ఆ నిబంధనల్లోనే, కాపీరైట్, ట్రేడ్‌మార్క్, ఐటీ చట్టాల కింద తొలగించిన సరుకును మళ్ళీ మళ్ళీ పెట్టే అమ్మకందార్ల వివరాలు రాసి ఉంచాలన్న మాట ఉంది. మారుపడిన సరుకు తిప్పి పంపి పదేపదే వాపసు పొందే కొనుగోలుదార్ల గురించి అలాంటి మాట లేదు. అది చేర్చమని అడగాలంటే ముందు అలాంటి సంఘటనలు జరిగినట్టు కాగితం మీద కనిపించాలి. ఎనిమిది వందల రూపాయల నాణెం కోసం తిరగలేనని ఒకరు వదిలేస్తే తప్పుపట్టలేం. వదిలేసేటప్పుడైనా పంపిన నాణెం బరువు, వచ్చిన నాణెం బరువు, రెండు ఫొటోలు జతచేసి అభ్యంతరం నమోదు చేసి టికెట్ నంబరు తీసుకోవాలి. అదే ఖాతా రేపు వనపర్తిలోనో గద్వాలలోనో మరొకరి దగ్గర అదే ఆట ఆడితే, రెండో ఫిర్యాదు చదివే అధికారి ముందు మొదటిది కూడా ఉంటుంది.