పక్క తిప్పని చేతికి ఐదు వేలు

వృద్ధాశ్రమంలో ఎవరినో కొట్టిన వీడియో బయటికొస్తుంది. రెండు రోజులు టీవీల్లో గోల. మూడో రోజుకల్లా నేరం ఆశ్రమం మీంచి జారి పిల్లల నెత్తికెక్కుతుంది. అమెరికా కొడుకు, పట్టించుకోని కోడలు, ఉమ్మడి కుటుంబం పోయిందన్న శోకాలు. ఆఖరి రోజుల్లో ఉన్న మనిషిని చూసుకుంటానని డబ్బు తీసుకుని చూడనివాడి ఊసే ఉండదు. ప్రభుత్వాల ఆలోచనా ఇంతే. తల్లిదండ్రులను వదిలేసిన ప్రభుత్వోద్యోగుల జీతంలో కోత పెడతామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో అన్నారు. అస్సాం 2017లోనే అలాంటి చట్టం చేసింది. మంచిదే, కొయ్యండి. కానీ మంచానపడ్డ మనిషి విషయంలో ఆ డబ్బు చివరికి చేరేది ఏదో ఒక హోమ్‌కే కదా. అక్కడేం జరుగుతోందో అడిగే చట్టం ఏది?

ఉంది. భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్. జబ్బు వల్లో, ఒంటి బలహీనత వల్లో తన పని తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, తెలిసి తెలిసి ఆ పని ఎగ్గొడితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వేలు. పాత శిక్షాస్మృతిలో ఇది 491వ సెక్షన్. అప్పుడు జరిమానా రెండు వందలు. 1860లో రాసిన ఆ అంకెను 2024 జూన్ 30 దాకా ఎవరూ ముట్టుకోలేదు. 1860లో రెండు వందలంటే కూలివాడి ఏళ్ల సంపాదన. ఆ తెల్లదొరలే ఈ నేరాన్ని మనకంటే పెద్దదిగా చూశారనాలి.

అంకెతో అయిపోలేదు. ఇది పోలీసులు తమంతట తాము కేసు కట్టలేని నేరం, మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. పైగా రాజీ పడదగ్గ నేరం. రాజీ పడే హక్కు ఎవరిదో తెలుసా? ఒప్పందం ఎవరితో జరిగిందో వారిది. అంటే సంతకం పెట్టి డబ్బు కట్టినవాడిది. పుండుపడింది ఒకరి వీపున, క్షమించే అధికారం ఇంకొకరి చేతిలో.

దీనర్థం నాకు నిరుడు తెలిసింది. క్యాన్సర్ ముదిరిన మా పెద్దమ్మను నగర శివార్లలోని ఒక హోమ్‌లో పెట్టాం. ఒకరోజు సాయంత్రం ఐదున్నరకు వెళ్లాను. మంచం కాళ్ల దగ్గర అట్టకు క్లిప్పు పెట్టి ఒక చార్టు వేలాడుతోంది. రెండు గంటలకోసారి పక్క తిప్పినట్టు టిక్కు పెట్టాలి. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు, అన్ని గడుల్లోనూ అప్పటికే టిక్కులున్నాయి. ఒకే పెన్ను, ఒకే వాటం. దుప్పటి ఎత్తి చూస్తే నడుం కింద రూపాయి బిళ్లంత నల్లటి పుండు. కుడి మణికట్టుకు చున్నీ చుట్టి మంచం కమ్మీకి ముడివేశారు. "కట్టకుంటే పైపు గుంజేసుకుంటది సార్" అంది ఆయమ్మ.

ఆవిడను తిట్టబుద్ధి కాలేదు. రాత్రిపూట పదకొండు మంచాలకు ఆవిడ ఒక్కతే. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా ఒక చుట్టు తిరిగేసరికి నూటపది నిమిషాలు. కూర్చోవడానికి మిగిలేది పది, అది కూడా ఎవరికీ వాంతి కాకపోతే. ఆ లెక్క యజమానికి తెలియదా? చార్టుకు డబ్బు ఖర్చుపెట్టాడు, రెండో ఆయమ్మకు పెట్టలేదు.

స్టేషన్‌కు వెళితే రైటర్ మర్యాదగానే చెప్పాడు, కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోమని. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఇప్పుడు ఇంకోచోట బెడ్ దొరకదురా, గొడవ పెట్టకు" అన్నాడు. సంతకం ఆయనది. పెద్దమ్మను ఎవరూ అడగలేదు.

కొడితే, గాయపరిస్తే వేరే సెక్షన్లున్నాయి, వినియోగదారుల కమిషన్ ఉంది అంటారు. ఉన్నాయి. కానీ ఆఖరి దశలో జరిగే హింస ఎక్కువగా చేసినది కాదు, చేయనిది. తిప్పని పక్క, మార్చని డైపరు, వేళకు ఇవ్వని మార్ఫిన్ మాత్ర. మరణ ధ్రువపత్రంలో క్యాన్సర్ అని రాస్తారు, సాక్ష్యం పాడె మీద వెళ్లిపోతుంది. నిబంధనలు బిగిస్తే చిన్న హోమ్‌లు మూతపడతాయన్నది ఇంకో వాదన. కొన్ని పడతాయి. పడనివ్వండి. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఆఖరి దశ రోగులను డబ్బు తీసుకోకుండానే చూస్తోంది. నెలనెలా డబ్బు గుంజుకునేవాళ్లకు చేతకాదా?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలోని 24వ సెక్షన్ చూడండి. వృద్ధులను పూర్తిగా వదిలేస్తే అక్కడా మూడు నెలలు, అక్కడా ఐదు వేలు. తేడా ఏమిటంటే ఆ నేరానికి పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. అంటే అమ్మను బస్టాండులో వదిలేసిన కొడుకు మీద నేరుగా కేసు పెట్టొచ్చు, మంచం మీదే వదిలేసిన హోమ్ మీద పెట్టలేం. ఈ చట్టాన్ని సవరించే బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. వృద్ధుల సంరక్షణ హోమ్‌లకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. స్థాయీ సంఘానికి వెళ్లింది, అక్కడి నుంచి నివేదికా వచ్చింది. 2024లో లోక్‌సభ రద్దుతో బిల్లూ పోయింది. ఏ పార్టీ వాళ్లూ అయ్యో అన్న పాపాన పోలేదు.

ఈలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. చెప్పకుండా వెళ్లండి, అదీ రాత్రి తొమ్మిది దాటాక. దుప్పటి ఎత్తి మడమలు, నడుం కింద చూడండి. మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టండి. ఒప్పందం మీద విదేశంలో ఉన్నవాడితో పాటు ఊళ్లో ఉన్న ఇంకొకరి సంతకమూ పెట్టించండి. వీడియో కాల్‌లో చూపించేది ముఖమే, పుండు వీపు కింద ఉంటుంది.

శాసనసభ్యులకు మాత్రం సలహాలు అక్కర్లేదు, పని ఉంది. 357ను పోలీసులు నేరుగా కేసు కట్టే నేరంగా మార్చడానికి ఒక్క వాక్యం చాలు. రాజీ హక్కు డబ్బు కట్టినవాడి చేతిలోంచి తీసేయడానికి ఇంకో వాక్యం. జరిమానా రెండు వందల నుంచి ఐదు వేలకు పెంచిన రోజున ఆ అంకె రాసిన అధికారి ఎప్పుడైనా ఇలాంటి హోమ్ బిల్లు చూశాడా అని నాకు అనుమానం. మా పెద్దమ్మ ఆఖరి పూర్తి నెల బిల్లు నా దగ్గరుంది. రోజుకు నాలుగు చొప్పున 120 డైపర్లు, 5,400 రూపాయలు. అందులో ఎన్ని మార్చారో తెలియదు. చట్టం వేయగల జరిమానా కంటే నాలుగు వందలు ఎక్కువ.