ట్యాంకు సాక్ష్యం చెల్లదు

కామవరపుకోటలో కారున్న ఏ టీచర్నో, గుమాస్తానో కదిలించండి. ఒకటే కథ చెబుతారు. కారు పుస్తకంలో ట్యాంకు 35 లీటర్లని ఉంది. బంకు బిల్లులో 39 పడింది. ‘మిగతా నాలుగు లీటర్లు డిక్కీలో పోశారా?’ అని గొడవ. ఆ గొడవలో చొక్కా పట్టించుకునేదెవరు? బంకు యజమాని కాదు, ఆయిల్ కంపెనీ కాదు. ఎండలో నిలబడి పైపు పట్టుకున్న జీతగాడు.

మేం అడుగుతున్నాం. ఆ 35 ఎవరి లెక్క? కారు కంపెనీ లెక్క. అది అంచుదాకా నింపి కొలిచింది కాదు. ట్యాంకు పైభాగాన కొంత జాగా కావాలనే వదులుతారు. ఎందుకంటే పెట్రోలు వేడికి పొంగుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే లీటరుకు దాదాపు ఒక మిల్లీలీటరు. నేల కింద చల్లగా ఉన్న పెట్రోలు 40 లీటర్లు పోయించి, రోహిణీ కార్తె ఎండలో కారు నిలిపితే, అది 15 డిగ్రీలు వేడెక్కితే చాలు, అర లీటరుకు పైనే పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటుండాలి కదా! ఆ ఖాళీ జాగా, మూత దగ్గర నుంచి ట్యాంకులోకి దిగే గొట్టం, ఈ రెండూ పుస్తకం లెక్కలోకి రావు.

నాజిల్ మొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు దాన్ని మూయగానే ‘టక్’మని ఆగుతుంది. అక్కడితో ఆపాలి. కానీ ‘ఇంకాస్త కొట్టు, చిల్లర లేకుండా చెయ్యి’ అని కారును ఊపి మరీ పోయించుకునేది మనమే. అలా నింపితే పుస్తకం లెక్క మీద పది, పదిహేను శాతం ఎక్కువ పట్టడం వింతేమీ కాదు. ఆ ఎక్కువైన పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి పోతే అదీ పాడవుతుంది.

2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో ఒక హైకోర్టు జడ్జి కారుకు 50 లీటర్ల ట్యాంకుంటే 57 లీటర్ల బిల్లు వేశారు. వెంటనే అధికారులు దిగి బంకుకు సీలు వేశారు. ఆ బంకు మంచిదని మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు. కానీ ఆ బిల్లు ఒక్కటే నేరానికి రుజువు కాదు. ఇంకో మాట. జడ్జిగారి కారుకు కదిలిన యంత్రాంగం, ఆయిల్‌పామ్ తోటకు కూలికి పోతూ మోపెడ్‌లో వంద రూపాయల పెట్రోలు పోయించుకునేవాడి కోసం ఏనాడైనా అంత వేగంగా కదిలిందా?

అసలు దొంగతనం ఎక్కడుందో చూడండి. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. బంకు మిషన్లలో చిప్‌లు పెట్టారు. మీటరు లీటరని చూపిస్తే పైపులోంచి వచ్చేది 970 మిల్లీలీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 33 బంకుల్లో ఈ తంతు నడిచిందని పోలీసులు ప్రకటించారు. ముఠా నాయకుడిది ఎక్కడో కాదు, మన పక్కనున్న ఏలూరే అని చెప్పారు.

లెక్క వేయండి. లీటరుకు 30 మిల్లీలీటర్లంటే 35 లీటర్లకు ఒక లీటరు పైమాటే. ఆ దొంగతనాన్ని మీ ట్యాంకు పట్టివ్వగలదా? ఇవ్వలేదు. పది, పదిహేను శాతం ఇటూ అటూ అయ్యే పాత్రలో మూడు శాతం దొంగ హాయిగా దాక్కుంటాడు. నిజాయితీగా పోసిన బంకు మీద నింద పడుతుంది, చిప్ పెట్టినవాడు నవ్వుకుంటాడు. తప్పుడు తగాదా దొంగకే లాభం.

కాబట్టి ట్యాంకును సాక్ష్యానికి పిలవకండి. కొలపాత్రను పిలవండి. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగినవాడి ముందు కొలిచి చూపాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే చట్టం ఒప్పుకుంటుంది. చిప్ పెట్టిన మిషనైతే 150 తగ్గుతుంది. కంటికే కనబడుతుంది. కొలవనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఫోన్ చేయండి.

అయితే దొంగ కూడా తెలివిమీరాడు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో పట్టుబడిన చిప్‌లను రిమోట్‌తో నడిపారు. కొలపాత్ర కనబడగానే మిషను బుద్ధిమంతురాలవుతుంది. అందుకే భారమంతా జనం మీదికి నెట్టి కుదరదు. తూనికలు కొలతల అధికారులు జీపుల్లో హారన్ కొట్టుకుంటూ కాదు, మామూలు బట్టల్లో, మామూలు బండి మీద వచ్చి పోయించుకుని కొలవాలి. మిషను విప్పి చూడాలి.

కారు కంపెనీలకూ ఒక మాట. లక్షలు గుంజి కారు అమ్ముతున్నారు. నాజిల్ ఆగేదాకా ఎంత, అంచుదాకా ఎంత, రెండు లెక్కలూ పుస్తకంలో అచ్చు వేయడానికి మీకొచ్చిన నష్టమేమిటి? మీరు దాచిన లెక్కకు బంకు కుర్రాడు దెబ్బలు తినాలా?

ఉద్యోగులారా, విద్యార్థులారా! లెక్క అడగడం మనకు కొత్త కాదు. కానీ లెక్క అడగాల్సింది చొక్కా పట్టుకుని కాదు, కొలపాత్ర పట్టుకుని. పైపు పట్టినవాణ్ని వదలండి. మిషను తాళం ఎవరి జేబులో ఉందో వాణ్ని నిలదీయండి.