కొరినాల్దో తల్లి

1930ల్లో ఓ క్రిస్మస్. ఇటలీలో కొరినాల్దో అనే చిన్న ఊరు. అక్కడి చర్చి ఫాదర్ గారింట్లో వంటావార్పూ చూసుకునే ఓ పెద్దావిడను వెతుక్కుంటూ యాభై ఏళ్ళ మనిషొకడు వచ్చాడు. ఆమె పేరు అస్సుంతా గొరెట్టి. వచ్చినవాడు అలెస్సాండ్రో సెరెనెల్లి. ఆమె కూతుర్ని పొడిచి చంపినవాడు. ఇరవయ్యేడేళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చి, ఇన్నాళ్ళకు ఆ గడప తొక్కే ధైర్యం చేశాడు. క్షమించమని అడిగాడు. చనిపోతూ నా బిడ్డే నిన్ను క్షమించింది, ఇక నేను కాదనేదేముంది అన్నట్టుగా ఆ తల్లి జవాబిచ్చింది. ఇద్దరూ కలిసి గుడికి వెళ్ళి, పక్కపక్కనే దివ్యసత్ప్రసాదం స్వీకరించారు.

సినిమాలో ఈ సీను పెడితే మనమే నవ్వుతాం. కానీ జరిగింది.

ఆ కూతురు పేరు మరియా గొరెట్టి. పేరు ఎక్కడో విన్నట్టుందా? ఒకప్పుడు ఎంటీవీ చూసినవాళ్ళకు అదే పేరున్న వీజే, హిందీ నటుడు అర్షద్ వార్సీ భార్య, గుర్తొస్తుంది. మన దేశంలో కేథలిక్ కుటుంబాల్లో ఆడపిల్లలకు పెట్టే పేర్లలో ఇదొకటి. అసలు మరియా మాత్రం పన్నెండో పుట్టినరోజు కూడా చూడలేదు. 1890 అక్టోబరు 16న పుట్టి, 1902 జులై 6న పోయింది.

గొరెట్టీలది కటిక పేదరికం. కొరినాల్దోలో ఉన్న కాస్త చెక్కతో బతుకు సాగక ఊరొదిలారు. 1899లో రోముకు దక్షిణాన, చిత్తడి నేలల మధ్యనున్న లె ఫెర్రియెరె అనే చోట ఓ జమీందారు పొలం పాలికి చేయడానికి వచ్చారు. ఆ నేలంతా దోమలమయం. మలేరియాకు కారణం దోమేనని మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో. అది తెలిసి మూడేళ్ళు కూడా కాలేదు, 1900లో మరియా తండ్రి లుయిజీ ఆ జ్వరంతోనే పోయాడు. కనిపెట్టడం వేరు, అది పేదవాడి గుమ్మం దాకా రావడం వేరు కదా!

మొగుడి చోట అస్సుంతా పొలంలోకి దిగింది. ఇల్లు తొమ్మిదేళ్ళ మరియా మీద పడింది. వంట, నీళ్ళు, బట్టలు, చంటి చెల్లెలు తెరెజా. బడి మొహం ఎరగదు, చదవడం రాదు. పైగా ఆ ఇల్లు వాళ్ళొక్కరిదే కాదు. సెరెనెల్లి అనే ముసలాయన, ఆయన కొడుకు అలెస్సాండ్రో కూడా అందులోనే ఉండేవారు. పొలం కలిపి చేస్తున్నారు, వంటా కలిపే. వాళ్ళ చిరుగులు కుట్టిపెట్టడం కూడా ఈ పిల్ల పనే.

అలెస్సాండ్రోకు ఇరవై ఏళ్ళు. 1902లో అంతకుముందే ఆ పిల్ల వెంట పడ్డాడు. అమ్మకు చెబితే చంపేస్తానని బెదిరించాడు. మరియా చెప్పలేదు. అసలే కష్టాల్లో ఉన్న అమ్మకు ఇంకో దిగులెందుకనుకుందో, ఆ ఇంట్లోంచి పొమ్మంటే ఎక్కడికి పోతామనుకుందో! తనను ఒంటరిగా వదిలి వెళ్ళొద్దని మాత్రం బతిమాలేదట. పనులు తప్పించుకోవడానికి మారాం చేస్తోందని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది కత్తి కాదు, ఈ ముక్క. మనిళ్ళలో కూడా పిల్లలు ఫలానా వాళ్ళింటికి వెళ్ళనని మొండికేస్తే మనం ఏమనుకుంటాం?

జులై 5 మధ్యాహ్నం. అందరూ కళ్ళంలో చిక్కుడు కాయల నూర్పిడిలో ఉన్నారు. మరియా మెట్ల పైన కూర్చుని చొక్కా కుడుతోంది. అలెస్సాండ్రో చొక్కాయే. పక్కన తెరెజా నిద్రపోతోంది. అతను కళ్ళంలోంచి వచ్చి, పిల్లను లోపలికి ఈడ్చుకెళ్ళాడు. ఇది పాపం, నువ్వు నరకానికి పోతావని ఆ పిల్ల అరిచింది. మొనదేలిన ఇనప పనిముట్టుతో పద్నాలుగు పోట్లు పొడిచాడు. చెల్లెలి ఏడుపు విని పెద్దవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నెత్తూనో పట్టణంలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ చేశారు కానీ లాభం లేకపోయింది. దాహమంటే నీళ్ళు కూడా ఇవ్వకూడని స్థితి. చంపినవాణ్ణి క్షమిస్తున్నానని, అతనూ తనతో పాటు స్వర్గంలో ఉండాలని చెప్పి, మర్నాడు కన్ను మూసింది.

అలెస్సాండ్రో అప్పటి ఇటలీ చట్టం ప్రకారం మైనరు. ఇరవై ఒకటి నిండలేదు. అందుకని యావజ్జీవం కాకుండా ముప్పై ఏళ్ళు వేశారు. మొదటి ఏళ్ళలో పశ్చాత్తాపం లేదు సరికదా, దగ్గరికి వచ్చినవాళ్ళ మీద మండిపడేవాడు. తర్వాత ఓ రాత్రి కలలో మరియా కనిపించి లిల్లీ పూలు చేతికిచ్చిందని తనే చెప్పుకున్నాడు. కలను నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. మనిషి మారాడన్నది మాత్రం నిజం. 1929లో విడుదలయ్యాక, చివరికి కపూచిన్ సన్యాసుల మఠాల్లో తోటపని చేసుకుంటూ బతికాడు.

1947లో మరియాను ధన్యురాలిగా, 1950 జూన్ 24న పునీతురాలిగా పోప్ పన్నెండో పయస్ ప్రకటించారు. జనం పట్టక సెయింట్ పీటర్స్ చౌకులో ఆరుబయట జరిపారు. మంచాన పడే వయసులో ఉన్న అస్సుంతా ఆ వేడుక కళ్ళారా చూసింది. కన్నబిడ్డ పునీతురాలవడం చూసే అదృష్టం ఏ తల్లికి దక్కుతుంది? అదృష్టమంటానా... ఆ మాట ఇక్కడ సరిపోదు.

కేథలిక్కులు విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారిని వేదసాక్షులంటారు. మరియాను పవిత్రత కోసం మరణించిన వేదసాక్షి అన్నారు. గొడవంతా ఇక్కడే వచ్చింది. ప్రాణం కన్నా మానం మిన్న అన్న సామెత మనకూ ఉంది. ఆ సామెతను మరియా నోట్లో పెట్టి దశాబ్దాల పాటు ఆడపిల్లలకు పాఠంగా చెప్పారు. మరి దాడి జరిగాక బతికి బయటపడ్డ పిల్లల సంగతేమిటి? వాళ్ళు తక్కువవాళ్ళా? 1985లో గెర్రి అనే ఇటాలియన్ రచయిత ఈ పునీత పదవినే ప్రశ్నిస్తూ పుస్తకం రాస్తే పెద్ద దుమారం రేగింది. అయితే జవాబు చర్చిలోనే పదిహేనొందల ఏళ్ళుగా ఉంది. 410లో రోము నగరాన్ని గోతులు కొల్లగొట్టినప్పుడు చెరచబడ్డ స్త్రీల గురించి పునీత అగస్టీన్ రాశారు: పవిత్రత మనసుకు చెందినది, ఇంకొకడు చేసిన పాపంతో అది పోదని. వాళ్ళు చావనందుకు తప్పు పట్టడాన్ని ఆయన ఒప్పుకోలేదు.

మరియాకు ఇవేమీ తెలియవు. పదకొండేళ్ళ పిల్ల వద్దంది, అంతే. మన దేశంలో ఇప్పుడైతే అది 2012 నాటి పోక్సో చట్టం కింద కేసు. ఇంకో సంగతి. ఆ క్షణంలో కూడా ఆ పిల్ల అతనేమవుతాడోనని భయపడింది. ఆస్పత్రిలో చివరి మాటలూ అతని గురించే. పవిత్రత మీద చెప్పినంత గట్టిగా ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

అలెస్సాండ్రో 1961లో ఓ ఉత్తరం రాసిపెట్టాడు. వెనక్కి చూసుకుంటే చెడు స్నేహాలు, చెడు రాతలు తనను ఎటు తోశాయో అందులో చెప్పుకున్నాడు. 1970 మే నెలలో పోయాడు. అస్సుంతా 1954లోనే వెళ్ళిపోయింది. మరియా దేహం నెత్తూనోలో ఉంది. కొరినాల్దోలో ఆ పిల్ల పేరిట ఓ గుడి ఉంది. తల్లి అవశేషాలూ, అలెస్సాండ్రో అవశేషాలూ అదే గుడిలో ఉన్నాయి.