దొంగకి దండలెందుకండీ?

దొంగని దొంగ అనడానికి సినిమావాళ్ళకి నోరెందుకు రాదో నాకు బోధపడదు. టోపీ పెట్టి గుర్రమెక్కితే చాలు, వాడు వీరుడైపోతాడు. మనవాళ్ళూ తక్కువ తినలేదు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణగారి కౌబాయ్ వేషం చూసి ఎంత మురిసిపోయారని! అది కట్టుకథ, పోనిద్దాం. నా పేచీ అల్లా నిజంగా బతికి, నిజంగా మనుషుల్ని చంపినవాళ్ళకి సోకులు చెయ్యడంతోనే.

1967లో అమెరికాలో ‘బానీ అండ్ క్లైడ్’ అనే సినిమా వచ్చింది. అందులో ఫే డనవే పెట్టుకున్న బెరే టోపీ ఫ్యాషనై కూర్చుంది. అసలు బానీకి అంత సింగారం ఎక్కడిదండీ! 1933లో కారు బోల్తాపడి కాలు కాలింది. ఆపైన సరిగ్గా నడవనే లేదు, క్లైడ్ ఎత్తుకు తిరగాల్సొచ్చేది. 1934 మే 23న లూసియానాలో పోలీసు తూటాలకి పోయేనాటికి ఆమెకి 23 ఏళ్ళు.

“ఆ రోజుల్లో బ్యాంకులు రైతుల పొలాలు లాక్కున్నాయి. వీళ్ళు ఆ బ్యాంకుల్నేగా దోచింది?” అని మా అబ్బాయి వాదన. జనం ఇక్కట్లు నిజమే. కాని వీళ్ళు ఎక్కువగా దోచింది చిల్లరకొట్లనీ, పెట్రోలు బంకులనీ. 1932 క్రిస్మస్ నాడు తన కారు ఎత్తుకుపోతుంటే అడ్డొచ్చిన ఒక సంసారిని కాల్చి చంపారు. ఆయనేమన్నా బ్యాంకు యజమానా?

1934 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం. టెక్సాస్‌లో గ్రేప్‌వైన్ దగ్గర ఆగి ఉన్న కారు చూసి, పాపం సాయం కావాలేమోనని ఇద్దరు మోటారుసైకిలు పోలీసులు దగ్గరికెళ్ళారు. ఇద్దరినీ కాల్చేసింది ముఠా. వాళ్ళలో ఒకతనికి కొద్దిరోజుల్లో పెళ్ళి. చేసుకోబోయే పిల్ల ఆ పెళ్ళిగౌనే వేసుకుని అంత్యక్రియలకి వచ్చింది. ఆ గౌను ఫ్యాషన్ కాలేదు.

ముఠాని పట్టిన ఫ్రాంక్ హేమర్‌ని మాత్రం ఆ సినిమాలో చులకన చేశారు. ఆయన భార్య దావా వేస్తే, 1971లో కోర్టు బయట రాజీ కుదిరింది. దొంగ పక్కనున్నామెకి చప్పట్లూ, పోలీసు ఇల్లాలికి ప్లీడరు ఫీజులూనా! క్లైడ్ వదిన బ్లాంచ్ సంగతి మరీ చిత్రం. మొగుడు పోయి, ఒక కంటిచూపు పోయి, ఆమె జైలుకెళ్ళింది. ఆమె వేషం కట్టిన నటికేమో ఆస్కార్ వచ్చింది.

2019లో ‘ది హైవేమెన్’ అని పోలీసుల వైపునుంచి ఒకటి తీశారు, సంతోషం. అది చూసి టోపీలు కొన్నవాళ్ళు నాకైతే కనపడలేదు.

“సినిమాని సినిమాగా చూడాలి పిన్నీ” అంటుంది పక్కింటమ్మాయి. అలాగే చూస్తానమ్మా. ఆ పెళ్ళిగౌను పిల్లని కథానాయికని చేసి ఎవరు తీస్తారో ముందు చెప్పు, టిక్కెట్టు నేనే కొంటాను.